నది, కాలువ, రేవు: గోదావరి డెల్టా భౌగోళికత – తెలుగు రచనల్లో కథన స్వరూపం

ప్రవేశిక

తెలుగు సాహిత్య విమర్శలో గోదావరి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘నేపథ్యం’, ‘వాతావరణం’, ‘ప్రాంతీయ పరిమళం’ అనే మాటలు తప్పనిసరిగా వినిపిస్తాయి. కొబ్బరి తోటలు, వరి చేలు, పడవలు, రేవులు ఒక్కొక్క రచనలో ఎంత అందంగా వచ్చాయో చెప్పి విమర్శకుడు అక్కడితో ఆగిపోవడం పరిపాటి. ఈ పద్ధతిలో భౌగోళికత కథకు వెనుక వేలాడే తెర అవుతుంది. పాత్రలు ఆ తెర ముందు నడుస్తాయి. తెర మార్చినా కథ మారదన్న భావన ఇందులో ఇమిడి ఉంది.

గోదావరి డెల్టా విషయంలో ఈ భావన నిలవదు. డెల్టాలో నీరు ఒకే రూపంలో ఉండదు. నదిగా, కాలువగా, పాయగా, వరదగా, తుపాను ఉప్పెనగా వేర్వేరు స్వభావాలతో అది మనిషి జీవితంలోకి వస్తుంది. ఏ నీటి పక్కన కథ జరుగుతోందన్నదాన్ని బట్టి ఆ కథలో ఎవరు ఎవరిని కలుసుకోగలరు, ఎవరు తప్పుకోగలరు, ఎవరు చిక్కుపడిపోతారు అన్నవి నిర్ణయమవుతాయి. శ్రీనాథుని భీమేశ్వర పురాణం, పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’, ‘గాలివాన’ కథలు, మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి’ నవల, బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం, వంశీ ‘మా పసలపూడి కథలు’ ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

డెల్టా నైసర్గిక స్వరూపం

మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరం సమీపంలో పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదుల నీటితో నిండి, పాపికొండల మధ్య ఇరుకు దారిలో ఒదిగి, పోలవరం దాటాక విశాలమవుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. గౌతమికి, వసిష్ఠకు నడుమ ఉన్న భూభాగమే కోనసీమ. సప్తర్షుల పేర్లతో ఏడు పాయలను లెక్కించడం పురాణ సంప్రదాయం. నేటి పటంలో ఆ ఏడూ సమానంగా కనిపించకపోయినా, డెల్టా వాసుల స్మృతిలో, తీర్థయాత్రల్లో సప్తగోదావరి భావన సజీవంగానే ఉంది.

నది తెచ్చిన ఒండ్రు ఈ నేలను నిర్మించింది. అయితే ఇవాళ డెల్టా అనగానే కంటికి కట్టే పచ్చదనం కేవలం నది ఇచ్చినది కాదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుంచి బయలుదేరిన కాలువలు కలిసి ఆ పచ్చదనానికి క్రమబద్ధమైన రూపం ఇచ్చాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా విభజించిన ఈ వ్యవస్థ కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. సార్వా తర్వాత దాళ్వా వేయడం, కాలువ కట్టేసే రోజులు, వంతులవారీ నీరు, ఎగువ రైతుకూ శివారు రైతుకూ మధ్య తగవులు, మురుగు కాలువల పూడిక ఇవన్నీ ఆ వ్యవస్థ తెచ్చిన జీవన లయలో భాగాలు. అందుచేత డెల్టా భౌగోళికత సగం ప్రకృతి, సగం చరిత్ర. ఈ విభజనను గుర్తించకుండా ఏ కాలపు రచననైనా ఒకే ‘గోదావరి అందం’ కింద చదివితే కాలదోషం తప్పదు.

భీమేశ్వర పురాణం: ఆనకట్టకు ముందటి సీమ

15వ శతాబ్దంలో రాజమహేంద్రవరపు రెడ్డి రాజుల కాలంలో శ్రీనాథుడు భీమేశ్వర పురాణాన్ని రచించి బెండపూడి అన్నయామాత్యునికి అంకితం చేశాడు. కాశిలో భిక్ష దొరక్క ఆగ్రహించిన వ్యాసుడు ఆ పురిని శపించబోవడం, శివుడు అతన్ని వెళ్ళిపొమ్మనడం, అగస్త్యుని తోడుతో వ్యాసుడు దక్షారామానికి రావడం ఇందులోని కథాసూత్రం. ఈ సూత్రం ద్వారా శ్రీనాథుడు కాశీమాహాత్మ్యానికి సాటిగా, ఒక విధంగా పోటీగా, గోదావరీ తీరాన్ని నిలబెట్టాడు.

ఈ పోటీకి ఆధారం ఏమిటన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. దక్షారామం భోగానికీ మోక్షానికీ నిలయమన్నది కావ్యమంతటా పరచుకున్న భావన. మోక్షం కాశిలోనూ ఉంది. కాశి నుంచి వ్యాసుడు బయటపడింది ఆకలి వల్ల. ఆకలితో వచ్చిన మునికి భోగం కూడా ఇవ్వగల సీమ కావాలి. అన్నం లేక బహిష్కృతుడైన ఋషి అన్నం పుష్కలంగా ఉన్న చోటికి చేరడమనే కథాక్రమం వల్ల, నేల సారం కావ్యంలో వర్ణనగా మాత్రమే మిగలక వాదంగా మారింది. పుణ్యక్షేత్రాల తారతమ్యాన్ని శ్రీనాథుడు పొలాల మీద, తోటల మీద నిలిపి చెప్పాడనడం అతిశయోక్తి కాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పుర వర్ణనల్లో, ఉద్యాన వర్ణనల్లో చాలా భాగం కావ్య సంప్రదాయానికి చెందినది. దాన్ని యథాతథంగా నాటి వ్యవసాయ స్థితికి సాక్ష్యంగా తీసుకోరాదు. రెండవది, శ్రీనాథుడు చూసిన పచ్చదనం కాలువల పచ్చదనం కాదు. ఆనాటి సాగుకు వాన, చెరువు, వరద మిగిల్చిన ఒండ్రు ఆధారాలు. అది ఒక ఏడాది దక్కి మరొక ఏడాది దక్కని సమృద్ధి. ఆనకట్టకు ముందు 19వ శతాబ్దపు తొలి దశకాల్లో ఈ జిల్లా కరవులకు, వరదలకు లోనై చితికిపోయిన తీరును గుర్తుంచుకుంటే, భీమేశ్వర పురాణంలోని అన్నసమృద్ధి నిత్యసత్యంగా గాక కోరికగా, ప్రార్థనగా కూడా వినిపిస్తుంది. భోగాన్ని దైవప్రసాదంగా చెప్పడంలో ఆ అనిశ్చితి దాగి ఉంది. నీరు తూము తిప్పితే వచ్చేది కానప్పుడు దాన్ని భీమేశ్వరుడే ఇవ్వాలి.

కాలువ మీది కథ: ‘పడవ ప్రయాణం’

కాలువ వచ్చాక నీటితో మనిషి సంబంధం మారింది. ధవళేశ్వరం కాలువలు సాగుకే గాక రవాణాకూ ఉద్దేశించినవి. లాకుల సాయంతో పడవలు ఎత్తుపల్లాలు దాటేవి. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా డెల్టాలను కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా కాకినాడ నుంచి మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది. రైలు వచ్చాక కూడా చాలా కాలం ధాన్యం, కొబ్బరి, బెల్లం వంటి సరుకు, దానితో పాటు బీదజనం ఈ కాలువల మీదనే కదిలారు.

పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ ఈ జలమార్గం మీద జరిగే కథ. రాత్రివేళ కాలువలో సాగుతున్న సరుకు పడవలోకి రంగి, పద్దాలు ఎక్కుతారు. చదువుకున్న కథకుడు రంగి మాటలు వింటాడు. పద్దాలు సరుకు దొంగిలించి తప్పుకుంటాడు. రంగి పడవలో మిగిలిపోతుంది. తనను కొట్టి, మోసగించి, మరో స్త్రీ దగ్గరికి పోయే మనిషి కోసం ఆమె నేరభారాన్ని తన మీద వేసుకోవడం కథకు కేంద్రం.

ఈ కథను ప్రేమలోని త్యాగం గురించి, స్త్రీ మనస్సులోని లోతుల గురించి చర్చించే విమర్శ చాలానే వచ్చింది. కథాస్థలం అంతగా చర్చకు రాలేదు. కథ నడకను గమనిస్తే అది కాలువ మీద తప్ప మరెక్కడా జరగడానికి వీలు లేదని తెలుస్తుంది. నడిగోదావరిలో పడవ ఎక్కినవాడు రేవు చేరేదాకా దిగలేడు. కాలువలో గట్టు ఎప్పుడూ చేతికి అందే దూరంలోనే ఉంటుంది. తాడు పట్టి లాగేవారు గట్టు మీద నడుస్తూ పోయేంత నెమ్మదిగా పడవ సాగుతుంది. చీకట్లో ఎవరైనా ఎక్కవచ్చు, ఎవరైనా దిగిపోవచ్చు. పద్దాలు దొంగతనానికి ఈ సామీప్యం, ఈ నెమ్మదితనం రెండూ అవసరం.

రంగి మాటలకు కూడా అవే అవసరం. రైలు పెట్టెలో ఇద్దరు అపరిచితులు అంతసేపు మాట్లాడుకోరు. ఊళ్ళో అయితే చదువుకున్న మగవాడు, కూలినాలి చేసుకునే స్త్రీ పక్కపక్కన కూర్చోవడానికే వీలు లేదు. రాత్రంతా సాగే కాలువ ప్రయాణం ఈ ఇద్దరినీ కొద్ది గంటల పాటు ఒకే బల్లచెక్క మీద ఉంచింది. తెల్లవారితే ఎవరి దారి వారిది. కథకుని సానుభూతి ఆ రాత్రి దాటి ఏ పనికీ దారితీయదు. గట్టు దగ్గరగా ఉండడం వల్ల పద్దాలుకు విడుదల దొరికింది. అదే గట్టు రంగికి కూడా దగ్గరే. అయినా ఆమె దిగలేదు. దిగడానికి వీలుండీ దిగకపోవడమే ఆమె నిర్ణయానికి బరువునిచ్చింది. నడినదిలో మిగిలిపోయిన స్త్రీ నిస్సహాయురాలు మాత్రమే అయ్యేది. కాలువ గట్టు పక్కన మిగిలిపోయిన స్త్రీ తన ఇష్టంతో మిగిలింది. కథలోని నైతిక క్లిష్టత ఈ కొద్దిపాటి దూరం మీద ఆధారపడి ఉంది.

సముద్రం వైపు నుంచి: ‘గాలివాన’

డెల్టాకు ఒక వైపు నది అయితే మరొక వైపు సముద్రం. నదిని ఆనకట్టతో అదుపు చేసినా, సముద్రం నుంచి వచ్చే గాలిని అదుపు చేసే ఏర్పాటు లేదు. 1839లో కోరంగి రేవును ధ్వంసం చేసిన తుపాను మొదలు 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చిన తుపాను దాకా ఈ తీరం చవిచూసినవి ఎన్నో. 1952లో ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ‘గాలివాన’ ఈ తీరవాసుల అనుభవానికి సాహిత్యరూపం.

నియమాలతో జీవితాన్ని కట్టుదిట్టం చేసుకున్న రావుగారు రైలు ప్రయాణంలో గాలివానకు చిక్కి ఒక చిన్న స్టేషనులో ఆగిపోతారు. రైలు పెట్టెలో తాను ఈసడించుకున్న బిచ్చగత్తె ఆ రాత్రి ఆయనకు ఆసరా అవుతుంది. తెల్లవారేసరికి ఆమె శవమై కనిపిస్తుంది. ‘పడవ ప్రయాణం’తో పోల్చి చూస్తే పద్మరాజు కథననిర్మాణంలో ఒక సామ్యం స్పష్టమవుతుంది. రెండింటిలోనూ ఒక ప్రయాణం, ఒక రాత్రి, చదువుకున్న పురుషుడు, సమాజం అంచున బతికే స్త్రీ ఉన్నారు. రెండింటిలోనూ దొంగతనం ఉంది. భేదం నీటి స్వభావంలో ఉంది. కాలువ కథలో నీరు నిమ్మళంగా ఉండి మాటకు తావిచ్చింది. అక్కడ పురుషుడు శ్రోతగా మిగిలాడు. గాలివాన కథలో మాటకు తావు లేదు. శరీరానికి వెచ్చదనం ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రమే మిగిలింది. అక్కడ పురుషుని నియమావళి కూలిపోయింది. కాలువ దూరాలను తాత్కాలికంగా తగ్గిస్తుంది. తుపాను వాటిని తుడిచిపెడుతుంది. అయితే ఆ తుడిచివేతకు మూల్యం చెల్లించింది బిచ్చగత్తె అన్న సంగతిని కథ దాచలేదు.

పాయల నడుమ: ‘కొల్లాయి గట్టితేనేమి’

కోనసీమకు మూడు వైపులా పాయలు, సముద్రం. ‘కోన’ అంటే మూల అని చెప్పే వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. వంతెనలు రాకముందు ఈ సీమలో ప్రవేశించడానికైనా, బయటపడడానికైనా రేవు దాటక తప్పేది కాదు. కోటిపల్లి – ముక్తేశ్వరం వంటి రేవుల్లో పడవ కోసం నిరీక్షణ కోనసీమ జీవితంలో ఒక అధ్యాయం.

మహీధర రామమోహనరావు నవల ‘కొల్లాయి గట్టితేనేమి’ కోనసీమలోని ముంగండ అగ్రహారం కేంద్రంగా 1920ల నాటి జాతీయోద్యమ కాలాన్ని చిత్రించింది. జాతీయోద్యమ నవలగా దీని స్థానం సుస్థిరం. దీన్ని రేవు నవలగా కూడా చదవడానికి అవకాశం ఉంది. అగ్రహారం లోపలి ఆచారం తన బలాన్ని కొంతవరకు ఈ నైసర్గిక ఏకాంతం నుంచి తెచ్చుకుంది. బయటి ప్రపంచంలోని వార్త, ఖద్దరు, పత్రిక, ఉపన్యాసం ఏదైనా పాయ దాటే రావాలి. వచ్చిన ప్రతిదాన్నీ అగ్రహారం తూచి చూడగలదు. యువకులకు రేవు దాటడమంటే చదువుకు, ఉద్యమానికి, కులాచారపు కట్టుబాటు నుంచి బయటికి దారి. పెద్దలకు అదే రేవు మైలకు ద్వారం.

ఈ దృష్టితో చూస్తే, జాతీయోద్యమం ‘దేశమంతటా వ్యాపించింది’ అనే సాధారణ వాక్యం ఎంత బోలుగా ఉంటుందో తెలుస్తుంది. వ్యాపించడానికి దారులు కావాలి, ఆ దారుల మీద కాపలా ఉంటుంది. మహీధర ఒక ఊరి వీధులను, ఇళ్ళను, సంబంధాలను ఓపికగా చిత్రించడం వల్ల చరిత్రలోని పెద్ద సంఘటన ఆ వీధుల్లో ఎంత నెమ్మదిగా, ఎంత ఘర్షణతో ఇంకిందో కనబడుతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’లో కనిపించే గోదావరి సీమ బ్రాహ్మణ జీవితాన్ని దీని పక్కన పెట్టి చదివితే, ఈ రచయితలకు భౌగోళికత దృశ్యంగా గాక ఊరికీ ఊరికీ మధ్య దూరంగా, రాకపోకల క్రమంగా, మాటతీరుగా పరిచయమైందని గ్రహించవచ్చు.

పొలంలో నిలిచినవాడు: ‘పాలేరు’

ఇంతవరకు చర్చించిన రచనల్లో నీరు ప్రయాణ మార్గం. డెల్టాలో నీరు ప్రధానంగా పనికి చెందినది. బోదె తవ్వేవారు, గట్టు వేసేవారు, రాత్రివేళ మడికి నీరు పెట్టేవారు, ఊడ్చేవారు, కోసేవారు లేకుండా 10 లక్షల ఎకరాల పచ్చదనం లేదు. ఈ శ్రమ చేసినవారిలో అధికులకు ఆ భూమి మీద హక్కు లేదు.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో ఈ శ్రామికుణ్ణి కథకు మధ్యలోకి తెచ్చాడు. పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారిగా ఎదగడం నాటక ఇతివృత్తం. డెల్టా సాహిత్యంలో ఈ ఇతివృత్తానికి ఒక ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. పాలేరుకు రేవు దాటే స్వేచ్ఛ లేదు. పద్దాలు వలె చీకట్లో తప్పుకునే వీలూ లేదు. ఏడాది పొడవునా ఒక కామందు పొలానికి కట్టుబడినవాడు అతడు. సార్వా, దాళ్వా అనే రెండు పంటల లయ భూమి ఉన్నవాడికి రెండింతల ఆదాయమైతే, పాలేరుకు తెరిపిలేని పని. కాలువ తెచ్చిన సమృద్ధి అతని కట్టుబాటును సడలించలేదు. చదువు ఒక్కటే అతనికి దొరికిన రేవు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాసిన నాటి నుంచి ఈ నేల నుంచే వినిపించిన స్వరానికి ఇది కొనసాగింపు.

‘గోదావరి అందం’ అనే విమర్శ పదజాలంలో ఈ నాటకానికి చోటు దొరకకపోవడం గమనించదగినది. గోదావరి సాహిత్యం అన్న మాటతో సాధారణంగా స్ఫురించే రచనల వరుసలో ‘పాలేరు’ రాదు. దాన్ని దళిత సాహిత్యం అనే వేరొక విభాగంలో ఉంచుతారు. రెండు విభాగాలూ ఒకే పొలం గట్టుకు చెరొక వైపు ఉన్నాయి. వాటిని విడదీయడం వల్ల మొదటి విభాగం శ్రమ లేని ప్రకృతిగా, రెండవది ప్రకృతి లేని ఆవేదనగా మిగిలిపోతున్నాయి.

జ్ఞాపకంగా మారిన డెల్టా: ‘మా పసలపూడి కథలు’

స్వాతి వారపత్రికలో వెలువడి అసంఖ్యాక పాఠకులను సంపాదించుకున్న వంశీ ‘మా పసలపూడి కథలు’ ఈ పరిణామంలో తరువాతి ఘట్టం. తూర్పు డెల్టాలోని ఒక ఊరు, దాని చుట్టుపక్కల గ్రామాలు, మనుషుల ఇంటిపేర్లు, వంటకాలు, కాలువ గట్లు ఇందులో అపారమైన మమకారంతో నమోదయ్యాయి. ఊళ్ళ పేర్లను ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయే పద్ధతి ఈ కథలకు ఒక పటం లక్షణాన్ని ఇచ్చింది. ఊరు విడిచి నగరాల్లో, విదేశాల్లో స్థిరపడిన పాఠకునికి ఈ పేర్ల వరుస దానికదే కథ.

ఈ కథలకు కేవలం గతాన్ని తలచుకొని మురిసిపోయేవి అనే ముద్ర వేయడం న్యాయం కాదు. చిన్న మనుషుల వైఫల్యాలు, మోసాలు, అకాల మరణాలు వీటిలో విరివిగా ఉన్నాయి. అయితే ఇవి చదివించుకునే తీరులో మమకారం దుఃఖాన్ని కప్పివేసే ప్రమాదం ఉంది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన సందర్భాన్ని తలచుకుంటే, సమృద్ధికి ప్రతీకగా తెలుగువారందరూ చెప్పుకునే నేల మీద వరి వేయకపోవడమే నిరసన రూపమైన కాలం అది. ఆ సంక్షోభానికి కాలువ కథల సంప్రదాయంలో తగినంత ప్రతిఫలనం ఇంకా రావలసి ఉంది. జ్ఞాపకంలోని కాలువ నిండుగా పారుతూ ఉండగా, శివారు పొలానికి నీరు అందని కాలువ గురించిన రచన కూడా డెల్టా సాహిత్యమే అవుతుంది.

ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. శ్రీనాథునికి గోదావరి సీమ అన్నసమృద్ధి క్షేత్రమాహాత్మ్యానికి ఆధారం. ఆనాటి అనిశ్చిత సమృద్ధిని ఆనకట్ట తర్వాతి పచ్చదనంతో కలిపి చదవరాదు. పద్మరాజు కథల్లో కాలువ, తుపాను రెండు భిన్నమైన కథననిర్మాణాలకు కారణమయ్యాయి. మహీధర నవలలో పాయల నడుమ ఉన్న ఊరి ఏకాంతం సంఘర్షణకు రూపమిచ్చింది. భీమన్న నాటకం డెల్టా పచ్చదనం వెనుక ఉన్న శ్రామికుణ్ణి చూపింది. వంశీ కథల్లో డెల్టా జ్ఞాపకాల పటంగా మారింది.

ఈ రచనలన్నింటినీ ‘గోదావరి నేపథ్యం’ అనే ఒకే మాట కింద చేర్చడం వల్ల వీటి మధ్య ఉన్న వాదోపవాదాలు వినిపించకుండా పోతున్నాయి. భోగం ఎవరిది, దాన్ని ఎవరి చేతులు పండించాయి, రేవు ఎవరికి తెరచి ఉంది అనే ప్రశ్నలకు ఈ రచయితలు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. ‘భీమేశ్వర పురాణం’ పక్కన ‘పాలేరు’ను, ‘మా పసలపూడి కథలు’ పక్కన ‘పడవ ప్రయాణా’న్ని పాఠ్యాంశాలుగా ఉంచి బోధించినప్పుడు ఈ ప్రశ్నలు తరగతిగదిలోనే ఎదురవుతాయి. గోదావరి ప్రాంతీయ సాహిత్య చరిత్రను తిరిగి రాసేవారు రచయితల జన్మస్థలాలతో పాటు వారి రచనలు ఏ నీటి పక్కన నడిచాయో కూడా గుర్తించి వర్గీకరిస్తే, ఇంతవరకు వేర్వేరు అధ్యాయాల్లో ఉండిపోయిన రచనలు ఒకే గట్టు మీద కలుసుకునే వీలు కలుగుతుంది.